దిగడం కోసం పెట్టిన పళ్ళు
(అమలాపురంలో ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారమండి. రైలు లేని ఊళ్ళో రైలు గురించి మాట్లాడమన్నారు, అదీ కొండ రైలు గురించి. కోటిపల్లి దాకా వచ్చిన బండి గోదావరి పాయలు దాటి మన గుమ్మంలోకి ఎప్పుడొస్తుందా అని మా నాన్నగారి కాలం నుంచీ చూస్తూనే ఉన్నాం. ఆ కోటిపల్లి పట్టాలైనా 1928లో వేసి, యుద్ధం పేరు చెప్పి 1940లో పీకి పట్టుకుపోయి, మళ్ళీ 2004లో వేసినవే కదండీ. ఆ సంగతి తేలే లోపు మనం నీలగిరి ఎక్కి వచ్చేద్దాం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇంజను నడిపాను. ఎక్కువ కాలం ఈ డెల్టాలోనే. పట్టాల పక్కన వాలు ఎంతో రాసిన పలకలు ఉంటాయి. మన వైపు వాటికేసి చూసే పనే పడదు. తర్వాత కొన్నాళ్ళు కొత్తవలస–కిరండూల్ లైన్లో వేశారు. అరకు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషను. చాలామంది అదీ ఊటీ రైలు లాంటిదే అనుకుంటారు. కాదండి. ఊటీ వెళ్ళే నీలగిరి రైలుకు పట్టాలతోపాటు రంపంలా పళ్ళున్న కడ్డీ, ఇంజనుకు ఆ పళ్ళను పట్టుకునే పళ్ళ చక్రం ఉంటాయి. అరకు బండికి ఆ పళ్ళు లేవు, మామూలు చక్రాలే. డార్జిలింగ్ బండికీ లేవు. అది మెలికలు తిరుగుతూ, ముందుకూ వెనక్కూ నడుస్తూ ఎక్కుతుంది. మన దేశంలో పళ్ళ పట్టా మీద ఎక్కే రైలు ఒక్క నీలగిరి రైలే.

ఆ కిరండూల్ లైన్లో నాకో సంగతి తెలిసొచ్చింది. ఖాళీ వ్యాగన్లతో పైకి వెళ్ళేటప్పుడు టీ తాగుతూ కబుర్లు చెప్పుకొనేవాళ్ళం. ఇనుప ఖనిజం నింపుకొని కిందికి దిగేటప్పుడు క్యాబులో మాటే ఉండేది కాదు.

మీకు ఇది వేరే చెప్పాలా? మన దింపు తీసేవాణ్ణి చూడండి. కాళ్ళకు బంధం వేసుకుని చూస్తుండగానే కొబ్బరిచెట్టు మొవ్వులో ఉంటాడు. వాన పడి మాను నాచుపట్టి ఉందనుకోండి, వాడి భయం ఎక్కడం గురించి కాదు, దిగడం గురించి. ఎక్కేటప్పుడు పట్టు దొరక్కపోతే అక్కడే ఆగిపోతాడు. దిగేటప్పుడు పట్టు జారితే ఆగేది నేల మీదే.

రైలు చక్రానికీ పట్టాకూ మధ్య ఆనేది చిన్న నాణెమంత మేర. ఇనుము మీద ఇనుము. ఇంజను లాగేదీ ఆ పట్టుతోనే, బ్రేకు వేస్తే ఆగేదీ ఆ పట్టుతోనే. ఈ రెండో ముక్క చాలామందికి తట్టదు. బ్రేకు ఎంత గట్టిదైనా చక్రాన్నే ఆపగలదు. చక్రం ఆగిపోయి పట్టా మీద జారుతుంటే బండిని ఎవరాపుతారు? అందుకే ప్రతి ఇంజనుకూ ఇసుక పెట్టె ఉంటుంది. మంచుకో వానకో పట్టా తడిస్తే చక్రం కింద కాస్త ఇసుక రాలుస్తాం. నీలగిరిలో కొండ మొదట్లోని కల్లార్ స్టేషను దాటాక వాలు పన్నెండుకి ఒకటి. అంటే బండి బరువులో ప్రతి 12 టన్నులకూ ఒక టన్ను చొప్పున ఎప్పుడూ కిందికి గుంజుతూనే ఉంటుంది. అక్కడ ఇసుకను నమ్ముకుంటే అంతే సంగతులు.

చిత్రమేమిటంటే, మొట్టమొదటి పళ్ళ రైలు కొండ కోసం పుట్టలేదు. ఇంగ్లండులో లీడ్స్ పక్కన మిడిల్టన్ బొగ్గు గనుల దగ్గర 1812లో బ్లెంకిన్సాప్ అనే ఆయన వేశాడు. అప్పటి పోత ఇనుప పట్టాలు బరువు ఇంజను ఎక్కితే విరిగేవి. తేలిక ఇంజను పెడితే చక్రం జారేది. అందుకని పట్టా పక్కన పళ్ళు పోయించి, ఇంజనుకు పళ్ళ చక్రం తగిలించాడు. కొద్దికాలంలోనే నున్నటి చక్రాలతోనూ లాగొచ్చని తేలిపోయింది. ఆ పళ్ళు మూలపడ్డాయి.

మళ్ళీ కొండ ఎక్కాల్సి వచ్చినప్పుడు బయటికి తీశారు. అమెరికాలో మౌంట్ వాషింగ్టన్ మీదికి సిల్వెస్టర్ మార్ష్ రైలు వేస్తానంటే, చంద్రమండలం దాకా వేసుకోవయ్యా అని నవ్వారట. 1869లో వేసి చూపించాడు. 1871లో స్విట్జర్లాండులో రిగి కొండ మీదికి నిక్లౌస్ రిగెన్‌బాఖ్ వేశాడు. ఈ ఇద్దరివీ నిచ్చెన లాంటి పట్టాలు, పళ్ళ చక్రం మెట్టుమెట్టుకీ పట్టుకుని నడుస్తుంది. తొలి ఇంజన్లకు బాయిలరు నిలువుగా ఉండేది. నీళ్ళ బిందెను పక్కకి వంచితే ఒకవైపు అడుగు తేలుతుంది కదా, బాయిలరులో అలా తేలితే పేలిపోతుంది. అందుకూ ఆ ఏర్పాటు.

రిగెన్‌బాఖ్ శిష్యుడు రోమన్ అబ్ట్. మన నీలగిరి పట్టా ఇతని పద్ధతిదే. నిచ్చెన తీసేసి, రంపం లాంటి రెండు కడ్డీలను పక్కపక్కన నిలబెట్టాడు. ఒక కడ్డీ పన్ను ఉన్నచోట రెండో కడ్డీకి సందు వస్తుంది. అందువల్ల పళ్ళ చక్రం ఒకచోట వదులుతుండగానే ఇంకోచోట పట్టు దొరికి ఉంటుంది. చెప్తే అర్థం కాదని చెక్కతో చేయించి తెచ్చాను, చివర్లో చూపిస్తాను.

నీలగిరికి రైలు ఎందుకంటే, మద్రాసు ప్రభుత్వం ఎండాకాలం ఊటీకి మకాం మార్చేది. మన గోదావరి జిల్లా అప్పట్లో మద్రాసు కిందే కాబట్టి, మన కాలవల కాగితాలూ శిస్తు కాగితాలూ కూడా వేసవిలో ఆ కొండ ఎక్కి ఉంటాయి. 1882లో రిగెన్‌బాఖే స్వయంగా వచ్చి కొండ చూసి వెళ్ళాడు. 1891లో గవర్నరు లార్డ్ వెన్లాక్ మొదటి గడ్డపార వేశాడు. చేపట్టిన కంపెనీ మధ్యలో దివాలా తీసింది. ఇంకో కంపెనీ వచ్చి 1899 జూన్‌లో కొండ కిందున్న మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా బండి నడిపించింది. సరిగ్గా అప్పుడే మన రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన స్తంభాలు లేస్తున్నాయి. అది 1900లో పూర్తయింది. ఊటీ దాకా రైలు చేరింది మాత్రం 1908లో.

మొత్తం 46 కిలోమీటర్లు, 208 వంపులు, 16 సొరంగాలు. పళ్ళు ఉన్నది మధ్యలో కల్లార్ నుంచి కూనూరు దాకా, ఓ 19 కిలోమీటర్లే. ఆ కాస్తలోనే 1300 మీటర్లు ఎక్కేస్తుంది. అక్కడ గంటకు 13 కిలోమీటర్లు మించకూడదు, మన కుర్రాళ్ళు సైకిలు మీద దాటేస్తారు.

ఇంజను స్విట్జర్లాండులోని వింటర్తూర్‌లో చేసింది. ఈ మధ్య తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో కొత్తవి కట్టారు. నాలుగు సిలిండర్లు. కింద రెండు మామూలు చక్రాలకి, పైన రెండు పళ్ళ చక్రాలకి. పళ్ళ పట్టా రాగానే, కింది సిలిండర్లు వాడి వదిలిన ఆవిరినే పై సిలిండర్లు మళ్ళీ వాడుకుంటాయి. మా తరం మెకానిక్కులు దీన్ని చూస్తే చెప్పులు విప్పి దండం పెడతారు.

ఇంజను ముందు ఉండదు, పెట్టెలకు కింది వైపు ఉండి తోస్తుంది. లింకు తెగినా పెట్టెలు ఇంజను మీదే ఆనుతాయి తప్ప పారిపోవు. అయితే తోసే డ్రైవరుకు ముందు దారి కనపడదు. అందుకని ప్రతి పెట్టె ముందు వసారాలో ఒక బ్రేకు మనిషి నిలబడతాడు. ముందు పెట్టెలోవాడు జెండా ఊపుతాడు, డ్రైవరు కూత వేస్తాడు, ఆ కూతను బట్టి వీళ్ళు బ్రేకులు బిగిస్తారు, వదులుతారు. నేను వెళ్ళినప్పుడు వాళ్ళలో ఒకతని పక్కన నిలబడే అదృష్టం దొరికింది. నలభై దాటిన మనిషి. నాతో మాట్లాడుతున్నాడు గాని చెవి మాత్రం వెనకే ఉంది. కూత పడేలోపే చెయ్యి బ్రేకు మీదికి వెళ్ళిపోయేది.

దిగేటప్పుడు ఇంకో తమాషా ఉంది. సైకిలు పంపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నొక్కి చూడండి, గాలి ఎదురు తంతుంది, పంపు వేడెక్కుతుంది. రిగెన్‌బాఖ్ కనిపెట్టిన బ్రేకు ఇదే. ఆవిరి ఆపేసి, సిలిండర్లను గాలి పంపుల్లా మార్చేస్తారు. బండి బరువంతా గాలిని నొక్కడానికి ఖర్చయిపోతుంది. వేడి తగ్గడానికి కాస్త నీళ్ళు కొడతారు. బ్రేకు దిమ్మలు అరగవు, చక్రాలు కాలవు.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకయ్యా అంటారేమో. వేల్స్ దేశంలో స్నోడన్ కొండ రైలు, అదీ అబ్ట్ పళ్ళే. 1896 ఏప్రిల్ 6న ప్రారంభం. తొలిరోజే దిగుతున్న ఇంజను పళ్ళ మీంచి పైకి లేచి, పట్టు తప్పి, లోయలో పడింది. డ్రైవరూ ఫైర్‌మనూ దూకి బతికారు. పెట్టెలు మాత్రం వాటి బ్రేకులతో అవే ఆగాయి. కంగారుపడి పెట్టెలోంచి దూకిన ఒక ప్రయాణికుడు చనిపోయాడు. కూర్చున్నవాళ్ళు క్షేమం. ఆ తర్వాత అక్కడ ఇంజను పైకి లేవకుండా పట్టుకునే కడ్డీలు అదనంగా బిగించారు. ఆ ఇంజను ఎక్కేటప్పుడు శుభ్రంగానే ఎక్కిందండీ.

యునెస్కో 2005లో గుర్తింపు ఇచ్చాక నీలగిరి రైలు టిక్కెట్టు దొరకడం కష్టమైంది. వెళ్ళదలిస్తే ముందే చేయించుకోండి. కార్తీక మార్గశిరాల్లో మాత్రం వద్దు, వానలకు కొండచరియలు పడి బండి ఆగిపోతుంటుంది. నా సలహా అడిగితే, అందరూ ఎక్కే బండికి ఎగబడతారు, మీరు కూనూరు నుంచి కిందికి దిగే బండి ఎక్కండి.

ఇదుగో, చెక్క నమూనా. మా వీధి వడ్రంగి చేశాడు, టేకు. బల్ల మీద ఏటవాలుగా పెడుతున్నాను. బాబూ, నువ్వు రా. చక్రం పైన పెట్టి మెల్లిగా వదులు. చూశారా, ఎంత నున్నగా దిగుతోందో. ఇప్పుడు ఒక కడ్డీ తీసేస్తాను. మళ్ళీ వదులు. వేళ్ళకి తెలుస్తోందా, పన్ను పన్నుకీ టకటకమని గంతేస్తోంది? అలా చేతులు మార్చండి, అందరూ చూడండి. పిల్లలు కాస్త జాగ్రత్త, వడ్రంగి పళ్ళ అంచులు ఇంకా చిత్రిక పట్టలేదు.