పావురం అంచు ఎక్కడ చెరిగిపోవాలి?

అందరికీ నమస్కారం.

నగరంలో బతికే పక్షుల్ని, జంతువుల్ని అచ్చుగుద్దినట్టు వేసి, వెనక నైరూప్యంగా రంగులు పరిచే బొమ్మల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ఇవి ఎక్కువగా చెడేది ఒక్కచోటే. పక్షి బాగుంటుంది, వెనక రంగులూ బాగుంటాయి, రెండూ మాత్రం కలవవు. కాగితంలోంచి కత్తిరించి అతికించినట్టుంటుంది. అందుకే ఈకల కన్నా అంచుల సంగతే ఎక్కువ చెప్తాను.

పావురాన్నే తీసుకుందాం. 40×50 సెంటీమీటర్ల కాన్వాస్, అక్రిలిక్ రంగులు. జెస్సో, అంటే రంగు బాగా పట్టడానికి కాన్వాస్‌కి ముందుగా వేసే తెల్లటి పూత, ఒకసారి నిలువుగా, ఆరాక ఇంకోసారి అడ్డంగా వేసి, 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. కాన్వాస్ నేత గరుగ్గా మిగిలితే కన్ను వేసేటప్పుడు సన్న బ్రష్ గెంతుతుంది.

ముందు నేపథ్యమే వెయ్యాలి. పక్షిని ముందు వేస్తే చెడిపోతుందేమోనన్న భయంతో దాని చుట్టూ బ్రష్ తిప్పుతాం. ఆ భయం కాస్తా పావురం చుట్టూ వెలుగు వలయంలా మిగిలిపోతుంది. అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), టైటానియం వైట్ చాలు. 5 సెంటీమీటర్ల ఫ్లాట్ బ్రష్‌తో పరిచి, పనికిరాని ప్లాస్టిక్ కార్డుతో అక్కడక్కడా గీకండి. నైరూప్యమంటే తోచినట్టు పులమడం కాదు. గోడల నిలువు, తీగల ఏటవాలు, షట్టర్ల అడ్డగీతలు అందులో లీలగా ఉండాలి. ఒక పొర ఆరాకే ఇంకోటి. తడి నీలం మీద తడి సియెన్నా పడితే బురదే.

ఇక పావురం. దాని బూడిదరంగుకి నల్ల ట్యూబు తెరవొద్దు. నేపథ్యంలో వాడిన నీలం, సియెన్నాలనే తెలుపుతో కలపండి. పక్షికీ గోడకీ చుట్టరికం అక్కడే కుదురుతుంది. రెక్క మీది రెండు నల్లపట్టీలు రెక్క వంపుని బట్టే సాగాలి. స్కేలు పెట్టినట్టు వేస్తే రెక్క పలకలా అయిపోతుంది.

మెడ దగ్గర తొందరపడొద్దు. ఆ ఆకుపచ్చ, ఊదా మెరుపులు ఈకలో ఉన్న రంగు కాదు. ఈక సూక్ష్మ నిర్మాణం మీద వెలుగు పడ్డ కోణాన్ని బట్టి పుట్టేవి. చిక్కటి పచ్చరంగు పెడితే ప్లాస్టిక్ బొమ్మ మెడలా ఉంటుంది. ముందు ముదురు బూడిద వేసి పూర్తిగా ఆరనివ్వండి. ఒక వంతు థాలో గ్రీన్‌కి ఎనిమిది వంతుల గ్లేజింగ్ మీడియం (కింది రంగు కనిపించేలా రంగుని పల్చన చేసే ద్రవం) కలిపి పల్చగా పూయండి. అదీ ఆరాక, అదే పాళ్లలో క్వినాక్రిడోన్ వయొలెట్‌ని పక్కగా, కొంచెం మీదికి ఎక్కేలా పూయండి. తడిమీద కలిస్తే రెండూ చచ్చి బూడిదే మిగులుతుంది. మీడియం బదులు నీళ్లు గుమ్మరిస్తే రంగుని పట్టి ఉంచే బైండర్ పలచబడి, తర్వాతి పూతకి కింది రంగు లేచొస్తుంది.

ఇప్పుడు అంచులు. కళ్లు సగం మూసి చూడండి. పక్షి ముదురు, వెనక రంగు ముదురు ఒకటైన చోట గీత అక్కర్లేదు, చెరిపెయ్యండి. ముక్కు, కన్ను, రొమ్ము మీద వెలుగు పడే వైపు పదునుగా ఉంచండి. వీపు నీడ, తోక కొస కరిగిపోవాలి. అక్రిలిక్ నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి అంచు వేసిన వెంటనే పొడి బ్రష్‌తో బయటికి లాగాలి. అప్పటికే ఆరిపోయిందా? నేపథ్యపు రంగునే పొడిబ్రష్‌తో తోక మీదికి తీసుకురండి. చాలామందికి చెయ్యాడదు, అంత కష్టపడి వేసిన ఈకలు మరి! అయినా లాగాల్సిందే.

కాళ్ల కింద నీడ మరవొద్దు. అది లేకపోతే పావురం గాల్లో తేలుతుంది. ముదురు రంగు అడ్డగీత ఒక్కటి చాలు.

చివరగా బొమ్మని ఫోన్‌లో నలుపు తెలుపుల్లో ఫొటో తీసి చూడండి. పావురం కంటి కన్నా ముందు నేపథ్యంలోని ఏదో మరక మన చూపుని లాగుతోందంటే, ఆ కంటి జోలికి వెళ్లకుండా ఆ మరక మీద పల్చటి బూడిద గ్లేజ్ వెయ్యండి.