స్నేహితుడి వ్యాసం కింద ‘బాగుంది’ అని రాసే ముందు

[స్క్రీన్ మీద గూగుల్ డాక్స్‌లో ఒక వ్యాసం. పక్కన ఒకే ఒక్క కామెంట్: “బాగుంది, సూపర్!”]

మీ క్లాస్‌మేట్ కష్టపడి ఒక వ్యాసం రాసి, మీకు లింక్ పంపాడు. “చదివి ఎలా ఉందో చెప్పవా?” అన్నాడు. మీరు చదివి, ఈ కామెంట్ పెట్టారు. అతనికి సంతోషమే. కానీ మళ్లీ రాయడానికి కూర్చుంటే ఏ వాక్యం ఉంచాలో, ఏది తీసేయాలో ఈ మాట చెప్పదు.

కొందరు దీనికి పూర్తి వ్యతిరేకం. వెతికి వెతికి దీర్ఘాలు, వత్తులు దిద్దుతారు. ఎంతో సాయం చేశామనిపిస్తుంది. రేపు ఆ పేరానే ఎగిరిపోతే? అచ్చుతప్పులు ఆఖరి ప్రతిలో చూసుకోవచ్చు.

మరి ఏం రాయాలి? చదువుతుంటే మీకు ఏమనిపించిందో అది రాయండి. రాయడం ఎలాగో నేర్పిన అమెరికన్ అధ్యాపకుడు పీటర్ ఎల్బో 1973లోనే ఈ సంగతి చెప్పారు. పాఠకుడు తీర్పు చెప్పనక్కర్లేదు, చదువుతున్నంతసేపూ తన మనసులో ఏం జరిగిందో చెబితే రాసినవాళ్లకు అదే ఎక్కువ ఉపయోగం అని ఆయన ఉద్దేశం. నాకు తెలిసి ఇంతకంటే మంచి సలహా లేదు. ఎందుకంటే దీనికి మీరు పెద్ద రచయిత కానక్కర్లేదు, శ్రద్ధగా చదివితే చాలు.

[స్క్రీన్ మీద నిద్ర గురించిన వ్యాసంలో మొదటి పేరా]

“నేటి సమాజంలో నిద్ర చాలా ముఖ్యమైనది. నిద్ర లేకపోతే అనేక సమస్యలు వస్తాయి. పరీక్ష ముందు రోజు రాత్రి నేను రెండు గంటలే పడుకున్నాను. పేపర్లో చదివిన ప్రశ్నే వచ్చింది, జవాబు మాత్రం గుర్తు రాలేదు.”

దీనికి “మొదలు బాగాలేదు” అని రాస్తే అతను నొచ్చుకుంటాడు, ఏం మార్చాలో కూడా తెలియదు. ఇలా రాసి చూడండి.

[మూడో వాక్యం హైలైట్ అవుతుంది. పక్కన కామెంట్ టైప్ అవుతూ కనిపిస్తుంది.]

“మొదటి రెండు వాక్యాలు గబగబా చదివేశాను, అవి ఇంతకుముందు విన్నవే. మూడో వాక్యం దగ్గర ఆగాను. నీ వ్యాసం ఇక్కడే మొదలైందనిపించింది. జవాబు గుర్తు రానప్పుడు నువ్వేం చేశావు? అది తెలుసుకోవాలని ఉంది.”

ఎక్కడ ఆగారో చూపించారు. ఎందుకో చెప్పారు. ఒక ప్రశ్న అడిగారు. వాక్యాన్ని మాత్రం మీరు తిరగరాయలేదు, గమనించారా? గూగుల్ డాక్స్‌లో 2014 నుంచి సజెస్టింగ్ మోడ్ ఉంది, అంటే మనం చేసే మార్పులను సూచనలుగా చూపించే సదుపాయం. అందులో ఎదుటివాళ్ల వాక్యం మొత్తం మార్చేయడం చాలా తేలిక. అలా మారుస్తూ పోతే చివరికి ఆ వ్యాసంలో మీ గొంతే వినిపిస్తుంది. ప్రశ్న అడిగి వదిలేస్తే జవాబు అతని మాటల్లోనే వస్తుంది.

ఇంకో మాట. ఎదురుగా కూర్చుని చెబితే మన ముఖం, గొంతు చూసి అర్థం చేసుకుంటారు. కామెంట్‌లో అవేమీ ఉండవు. “ఇదేంటి?” అని మామూలుగా అడిగినా కసురుకున్నట్టే ఉంటుంది. పోస్ట్ చేసే ముందు ఒక్కసారి పైకి చదువుకోండి.

ఇంత శ్రమ ఎందుకంటారా? 2009లో క్రిస్టీ లండ్‌స్ట్రమ్, వెండీ బేకర్ ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న 91 మంది విద్యార్థుల్లో కొందరు ఇతరుల వ్యాసాలు చదివి ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం మాత్రమే నేర్చుకున్నారు. మిగతావాళ్లు వచ్చిన ఫీడ్‌బ్యాక్‌ను వాడుకోవడం మాత్రమే నేర్చుకున్నారు. సెమిస్టర్ అయ్యేసరికి ఇచ్చినవాళ్ల రాతే ఎక్కువ మెరుగుపడింది. ఇందులో వింతేమీ లేదు. మన వ్యాసంలో రాయనిది కూడా మన బుర్రలో ఉంటుంది కాబట్టి ఖాళీలు మనకు కనిపించవు. పక్కవాళ్ల వ్యాసంలో అవి ఇట్టే దొరుకుతాయి. ఆ అలవాటుతోనే రేపు మీ పేరా దగ్గరకు వస్తారు.

ఫీడ్‌బ్యాక్ అందుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను. వెంటనే సంజాయిషీ రాయకండి. ఇద్దరు ఒకే చోట తడబడ్డారంటే అక్కడ ఏదో ఉంది. వాళ్లు చెప్పిన మార్పు మీకు నచ్చకపోవచ్చు, ఆ చోటును మాత్రం వదలకండి.

[స్క్రీన్ మీద అదే పేరా, రెండో ప్రతి]

“పరీక్ష ముందు రోజు రాత్రి నేను రెండు గంటలే పడుకున్నాను. పేపర్లో చదివిన ప్రశ్నే వచ్చింది, జవాబు గుర్తు రాలేదు. పావుగంట సేపు పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాను.”