జోడీ దొరకడమే సగం ఆట

(నెల్లూరు పురమందిరంలో, స్కేటింగ్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన జిల్లాలో ఐసు అంటే రొయ్యల బాక్సుల్లో వేసేదే. దిమ్మలు మరలో పొడి కొట్టించుకుని తెల్లారేసరికల్లా చెరువు గట్టు మీదికి తోలుకుపోతారు. అలాంటి ఐసు మీద ఒక మనిషి ఇంకో మనిషిని తల పైకెత్తి, గిర్రున తిరుగుతూ జారుకుంటూ పోతాడని చెబితే మా ఊళ్లో ఒక పెద్దాయన ఒకే మాట అడిగాడు: "మరి పడితే?" ఆ ప్రశ్నకు కాసేపాగి వస్తాను.

నేను పీడీగా చేసి రిటైరైన వాణ్ణి. చక్రాల స్కేట్ల మీద పిల్లలకు నేర్పాను గానీ మంచు మీద ఎప్పుడూ నిలబడలేదు. నాకు తెలిసిందల్లా చదివిందీ, పోటీలు చూసిందీ. అయినా ఈ రోజు పెయిర్ స్కేటింగ్ గురించే మాట్లాడతానని పట్టుబట్టాను. దానికి కారణం మీరే. ఎందుకో తర్వాత చెబుతాను.

ఫిగర్ స్కేటింగ్‌లో ఒంటరిగా చేసేది ఒకటి, ఐస్ డాన్స్ ఒకటి, పెయిర్ ఒకటి. పెయిర్ అంటే ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. 1908 లండన్ ఒలింపిక్స్ నుంచీ ఉంది. మొదటి రోజు షార్ట్ ప్రోగ్రామ్, 2 నిమిషాల 40 సెకన్లు. రెండో రోజు ఫ్రీ స్కేట్, 4 నిమిషాలు. రెండింటి మార్కులూ కలిపి చూస్తారు. నియమాలు అంతకన్నా చెబితే మీకు నిద్రొస్తుంది.

ఒక్క విన్యాసం మాత్రం దగ్గరగా చూద్దాం. ట్విస్ట్ లిఫ్ట్ అంటారు. ఇద్దరూ వెనక్కి జారుతుంటారు. అమ్మాయి బ్లేడు మొనతో మంచును పొడిచి ఎగురుతుంది, అదే క్షణంలో అబ్బాయి ఆమె నడుము పట్టి పైకి విసిరేస్తాడు. ఆమె గాలిలో అడ్డంగా మూడు చుట్లు తిరుగుతుంది. కిందికి వస్తున్నప్పుడు, ఆమె కాలు మంచుకు తగలకముందే అతను మళ్లీ నడుము దగ్గర పట్టుకోవాలి. అర సెకను ఆలస్యమైతే ఆమె మోచేయి అతని ముక్కు మీద పడుతుంది. ఈ ఆటలో మగవాళ్ల ముక్కులకు గ్యారంటీ లేదు! పక్కపక్కనే స్పిన్ తిరిగేటప్పుడు ఇద్దరూ ఒకేసారి భంగిమ మార్చాలి కదా, ఒకరినొకరు చూసుకునే వీలుండదు. అందుకని ఒకరు గట్టిగా ఒక మాట అంటారు, ఆ మాటకు ఇద్దరూ మారతారు. సంగీతం హోరులో అది మనకు వినపడదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒంటరి స్కేటర్ కెరీర్‌ను పతకాలతో లెక్కేస్తాం. పెయిర్ స్కేటర్ కెరీర్‌ను ముందు జోడీలతో లెక్కేయాలి. బండలాగుడు పోటీలకు ఎడ్లను కొనే ఒంగోలు రైతును అడగండి. ఎద్దు ఒక్కటి ఎంత మేలుదైనా జత కుదరకపోతే బండ కదలదంటాడు. ఎత్తు, నడక, వయసు అన్నీ చూస్తాడు. ఎద్దులతో పోల్చానని ఆటగాళ్లు ఏమీ అనుకోకూడదు గానీ, కోచ్‌లు చేసేదీ అదే. ఎత్తులో తేడా ఎంత, దూకేటప్పుడు ఇద్దరూ ఒకే దిక్కుకు తిరుగుతారా, ఓడిన రోజు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడతారు, ఇవన్నీ.

అల్యోనా సావ్చెంకో అని ఒకామె ఉంది. 1984లో ఉక్రెయిన్‌లో పుట్టింది. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌కు ఉక్రెయిన్ తరఫున స్తానిస్లావ్ మొరోజోవ్‌తో వెళ్లింది, 15వ స్థానం వచ్చింది. తర్వాత ఆ జోడీ విడిపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, జోడీ కోసం జర్మనీలోని కెమ్నిట్స్ వెళ్లి రాబిన్ షోల్‌కోవీతో కలిసింది. దేశం మారింది, భాష మారింది, తిండి మారింది. ఇద్దరూ కలిసి ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్లయ్యారు. ఒలింపిక్స్‌లో మాత్రం 2010లో కాంస్యం, 2014లో మళ్లీ కాంస్యం. ఆ 2014 సోచీ ఒలింపిక్స్ తర్వాత షోల్‌కోవీ రిటైరయ్యాడు. అప్పటికి ఆమెకు ముప్పై. మన దగ్గరైతే "ఇంక చాలు తల్లీ, కోచింగ్ పెట్టుకో" అంటాం.

ఆమె ఫ్రాన్స్‌కు చెందిన బ్రూనో మాసోను ఎంచుకుంది. అతన్ని వదిలిపెట్టేందుకు ఫ్రెంచ్ సమాఖ్య వెంటనే ఒప్పుకోలేదు. ఒక సీజన్ మొత్తం ఇద్దరూ ప్రాక్టీసు చేస్తూ కూర్చున్నారు, పోటీ లేదు. ప్రపంచ పోటీల్లో జర్మనీ తరఫున దిగాలంటే ఇద్దరిలో ఒకరు ఆ దేశస్థులైతే చాలు. ఒలింపిక్స్‌కు ఇద్దరికీ పౌరసత్వం ఉండాలి. అంటే మాసో జర్మన్ భాషా పరీక్ష పాసవ్వాలి. ఒలింపిక్స్ 2018 ఫిబ్రవరిలో, పౌరసత్వం వచ్చింది 2017 చివర్లో. ఆ టెన్షన్ ఊహించుకోండి: ప్రపంచంలోనే మేటి స్కేటర్ భవిష్యత్తు, పక్కవాడి వ్యాకరణం మీద ఆధారపడి ఉంది.

ఆ ఒలింపిక్స్ జరిగిన ప్యాంగ్‌చాంగ్‌లో, షార్ట్ ప్రోగ్రామ్‌లో మాసో మూడు చుట్ల దూకు రెండు చుట్లకే దించేశాడు. నాలుగో స్థానం. మొదటి స్థానంలో ఉన్న చైనా జోడీకి దాదాపు ఆరు పాయింట్లు వెనక. మర్నాడు ఫ్రీ స్కేట్‌లో 159.31 తెచ్చుకున్నారు, అప్పటికి అది ప్రపంచ రికార్డు. చివరికి 0.43 పాయింట్ల తేడాతో స్వర్ణం. ఆమెకు 34 ఏళ్లు, అది ఐదో ఒలింపిక్స్. నాకు ఈ కథలో నచ్చేది స్వర్ణం కన్నా ఆ రెండు రోజుల నడుమ గడిచిన రాత్రి. తప్పు చేసింది అతను, నష్టపోయేది ఇద్దరూ, పొద్దున్నే అదే చేతుల్లోకి ఎగరాలి.

సోవియట్ స్కేటర్ ఇరీనా రోద్నినాదీ ఇదే తీరు. 1972లో ఆమెతో కలిసి ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఉలనోవ్ వేరే అమ్మాయితో జట్టు కట్టి వెళ్లిపోయాడు. ఆమె జైత్సెవ్ అనే కుర్రాణ్ణి వెతుక్కుని మరో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. 1973 బ్రాటిస్లావా ప్రపంచ పోటీలో వీళ్లు ఆడుతుండగా పాట మధ్యలో ఆగిపోయింది. ఆగకుండా, నిశ్శబ్దంలోనే పూర్తి చేశారు. అడుగులు అంత బాగా కలిశాయి.

పెద్దాయన ప్రశ్నకు వస్తాను. పడతారు. దెబ్బలు మామూలువి కావు. 1996లో ప్రాక్టీసులో పక్కపక్కన స్పిన్ తిరుగుతుండగా అప్పటి జోడీ బ్లేడు ఎలేనా బెరెజ్నాయా అనే రష్యా స్కేటర్ తలకు తగిలి పుర్రెలోకి దిగింది. ఆపరేషన్ అయింది, మాట పడిపోయింది. మళ్లీ మాట్లాడటం నేర్చుకుని, కొత్త జోడీ సిఖారులిద్జేతో ఒలింపిక్స్‌లో 1998లో రజతం, 2002లో స్వర్ణం గెలిచింది. వినడానికి బాగుంటుంది, కానీ మీ పిల్లల విషయంలో నేను భయపడమనే చెబుతాను. మ్యాట్ మీద, బూట్లతో, కోచ్ పక్కన నిలబడి పట్టుకుంటూ నేర్పని లిఫ్టును చక్రాల మీద చేయించే వాళ్ల దగ్గరికి పిల్లల్ని పంపకండి. ఫోటోల కోసం అసలే వద్దు.

ఇక మీ సంగతి. మనకు మంచు లేకపోయినా చక్రాలున్నాయి. రోలర్ స్కేటింగ్‌లో ఆర్టిస్టిక్ అనే విభాగం ఉంది, అందులో పెయిర్ పోటీ ఉంది. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్‌లో కాంస్యం తెచ్చాడు. అవని పంచాల్‌తో కలిసి పెయిర్‌లో ఇంకో కాంస్యం తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు వచ్చింది. మన తెలుగువాడే. అయినా పెయిర్ అనగానే ఇక్కడి తల్లిదండ్రులు రెండు మాటలంటారు. "మా పాప ఒక్కదానికే సర్టిఫికెట్ వస్తే మేలు కదా సార్" అనేది ఒకటి. రెండోది పైకి అనరు. పిల్లకు పన్నెండేళ్లు రాగానే ప్రాక్టీసుకు పంపడం మానేస్తారు. మగపిల్లాడు చెయ్యి పట్టుకుంటాడని.

మొదటి మాటకు జవాబు తేలిక. పతకం ఇద్దరికీ చెరొకటి ఇస్తారు. రెండోదానికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే: ప్రాక్టీసుకు మీరూ రండి. రెండు కుటుంబాలూ గ్యాలరీలో పక్కపక్కన కూర్చోండి. ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరాల్సింది పిల్లలకన్నా ముందు పెద్దలకే.

కెరీర్ అయిపోయాక ఏమిటని కూడా అడుగుతారు. చైనాలో యావో బిన్ అనే ఆయన 1980 ప్రపంచ పోటీల్లో తన జోడీతో ఆఖరి స్థానంలో నిలిచాడు. తర్వాత కోచ్ అయ్యాడు. 2010 వాంకూవర్‌లో పెయిర్ స్వర్ణం, రజతం రెండూ ఆయన శిష్యులవే. 1964 నుంచి పన్నెండు ఒలింపిక్స్ పాటు సోవియట్, రష్యా జోడీల చేతుల్లోనే ఉన్న స్వర్ణం అది. ఇంకొకామె డియానా స్టెల్లాటో-డ్యూడెక్, చిన్నప్పుడు గాయాలతో ఆట మానేసి, పదహారేళ్ల తర్వాత పెయిర్‌లోకి తిరిగొచ్చింది. 2024లో మాక్సిమ్ దెషాంతో కలిసి ప్రపంచ ఛాంపియన్ అయింది, నలభై ఏళ్లకు.

మిగతాది ప్రశ్నల్లో మాట్లాడుకుందాం. మైకు ముందు ఆ వెనక వరసలో ఉన్న పిల్లలకివ్వండయ్యా, పెద్దవాళ్లు తర్వాత అడగొచ్చు.