జాజ్ గిటార్ సోలో: దారి పాటలోనే ఉంది

(ఫ్రెట్‌బోర్డ్ క్లోజప్. మూడో తీగ మీద నాలుగు స్వరాలు, నెమ్మదిగా.)

విన్నారా? ఇ ఫ్లాట్, డి, సి, బి ఫ్లాట్. మూడో తీగ మీద ఎనిమిదో ఫ్రెట్ (గిటార్ మెడ మీది గడి), ఏడు, ఐదు, మూడు. ఒక్క తీగ, ఒక్క వేలు. జాజ్ స్టాండర్డ్ (జాజ్ వాళ్లందరూ వాయించే పాట) మీద సోలో (అప్పటికప్పుడు అల్లుకునే వాయింపు) వాయించాలని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఈ నాలుగు స్వరాలే. ఎందుకో ఈ వీడియోలో చెప్తాను.

మామూలుగా మనం ఎలా మొదలుపెడతాం? పెంటటోనిక్ (ఐదు స్వరాల స్కేల్, అంటే స్వరాల వరస) వచ్చు, బ్లూస్ కాస్త వచ్చు. బ్యాకింగ్ ట్రాక్ పెట్టి చెయ్యి కదిలిస్తాం. రెండు బార్లు (నాలుగేసి బీట్ల కొలతలు) దాటేసరికి ఏదో తేడా కొడుతుంది. కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) మారిపోయింది, మనం ఇంకా పాత చోటే ఉన్నాం. టెన్షన్ మొదలవుతుంది. దానికి మందు స్కేళ్లే అనుకుని డోరియన్, మిక్సోలిడియన్, ఆల్టర్డ్ అంటూ వరసబెట్టి నేర్చుకుంటాం. నేనూ చాలాకాలం అదే చేశాను. స్కేళ్లు వద్దని అనను. కానీ స్కేల్ ఏ స్వరాలు వాడొచ్చో చెబుతుందే తప్ప, ఏ స్వరం మీద ఎప్పుడు వాలాలో చెప్పదు. వినేవాళ్ల చెవి పట్టుకునేది ఆ వాలడాన్నే.

ఒక పాట తీసుకుందాం. ‘ఆటమ్ లీవ్స్’. హంగరీలో పుట్టి ఫ్రాన్స్‌లో స్థిరపడిన జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన బాణీ. మొత్తం 32 బార్లు. జి మైనర్‌లో వాయిద్దాం.

(తెర మీద మొదటి ఎనిమిది బార్ల కార్డ్‌లు.)

సి మైనర్ సెవెన్, ఎఫ్ సెవెన్, బి ఫ్లాట్ మేజర్ సెవెన్, ఇ ఫ్లాట్ మేజర్ సెవెన్. తర్వాత ఎ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్, డి సెవెన్, ఆపైన జి మైనర్ రెండు బార్లు. మిగతావన్నీ బార్‌కొకటి.

ప్రతి కార్డ్‌లోనూ దాని రంగు చెప్పే స్వరాలు రెండు ఉంటాయి: థర్డ్, సెవెంత్, అంటే రూట్ (కార్డ్‌కి పేరిచ్చే మూల స్వరం) నుంచి లెక్కపెడితే మూడోది, ఏడోది. కార్డ్ మేజరా మైనరా అనేది థర్డ్ చెబుతుంది. అది స్థిరంగా నిలబడేదా, ఇంకెక్కడికో వెళ్లాలని లాగేదా అనేది చాలావరకు సెవెంత్ వల్ల తెలుస్తుంది. రూట్‌ని బేస్ వాయించేవాళ్లు చూసుకుంటారు. కాబట్టి ఈ రెండే తీసుకుని నాలుగో తీగ, మూడో తీగ మీద పెడదాం. ముందు చెప్పే అంకె నాలుగో తీగది, తర్వాతది మూడో తీగది.

(ఎడమచెయ్యి క్లోజప్. ఒక్కో జత నాలుగు బీట్లు.)

సి మైనర్ సెవెన్‌కి 8, 8. ఎఫ్ సెవెన్‌కి 7, 8. చూడండి, కదిలింది ఒక్క వేలే, అదీ ఒక్క ఫ్రెట్టే. బి ఫ్లాట్ మేజర్ సెవెన్‌కి 7, 7. ఇప్పుడు రెండో వేలి వంతు. ఇ ఫ్లాట్‌కి 5, 7. ఎ మైనర్‌కి 5, 5. డి సెవెన్‌కి 4, 5. జి మైనర్‌కి మాత్రం రెండు వేళ్లూ కలిసి దిగుతాయి: 3, 3.

ఒకటి నిలబడితే ఇంకోటి దిగుతుంది, అది ఆగితే ఇది కదులుతుంది. ఇద్దరు చెయ్యి చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతున్నట్టు ఉంటుంది. కాగితం మీద చూస్తే భయపెట్టిన ఏడు కార్డ్‌లూ ఆరు ఫ్రెట్ల జాగాలో ఇమిడిపోయాయి.

ఇప్పుడు నాలుగో తీగ వదిలేసి మూడో తీగ ఒక్కటే వినండి. 8, 8, 7, 7, 5, 5, 3. మొదట్లో వాయించిన నాలుగు స్వరాలే ఇవి!

ఇంకో సంగతి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పాట అసలు ట్యూన్ వినండి. జి, ఎ, బి ఫ్లాట్ అని మూడు మెట్లెక్కి ఇ ఫ్లాట్ మీద నిలబడుతుంది. మళ్లీ ఎఫ్, జి, ఎ ఎక్కి డి మీద నిలబడుతుంది. ఆ తర్వాత సి మీద, చివరికి బి ఫ్లాట్ మీద. ట్యూన్ ఆగి ఊపిరి తీసుకునే చోట్లన్నీ ఆ నాలుగు స్వరాలే. ప్రతి కార్డ్ మీదా అది థర్డో సెవెంతో అవుతోంది. మనం స్కేళ్లలో వెతుకుతున్న దారి కోస్మా ట్యూన్‌లోనే వేసిపెట్టాడు. అందుకే ట్యూన్ కంఠతా రాకుండా సోలో జోలికి వెళ్లొద్దంటాను. చూసి వాయిస్తే సరిపోదు, పాడుతూ వాయించగలగాలి.

సరే, స్తంభాలు దొరికాయి. వాటి మధ్య ఏం వాయించాలి?

(నెమ్మదిగా, నాలుగో తీగ మీద 8, 6, 7.)

ఎఫ్ సెవెన్ మొదటి బీట్ మీద ఎ స్వరానికి చేరాలి. అది నాలుగో తీగ ఏడో ఫ్రెట్. నేరుగా వెళ్లకుండా, ముందు బార్ నాలుగో బీట్‌లో పైనున్న ఎనిమిదో ఫ్రెట్, ఆ వెంటనే కిందున్న ఆరో ఫ్రెట్ తాకి అప్పుడు ఏడు మీద వాలండి. ఆ ఆరో ఫ్రెట్ స్వరం జి మైనర్ స్కేల్‌లోది కాదు. అయినా చెవికి తప్పు అనిపించదు, ఎందుకంటే వెంటనే ఇంటికి చేరిపోయింది. జాజ్‌లో ‘బయటి’ స్వరాలని మనం ఆశ్చర్యపోయేవాటిలో చాలావాటి రహస్యం ఇదే. ఇదే పనిని తర్వాతి కార్డ్‌ల దగ్గర కూడా చేసి చూడండి. ఒక్కో కార్డ్‌కి ఒక రోజు పట్టినా ఫర్వాలేదు.

లయ సంగతి. మెట్రోనోమ్‌ని (టిక్కులతో లయ చూపేది) నిమిషానికి 60 మీద పెట్టి, ఆ టిక్కుల్ని రెండో బీట్, నాలుగో బీట్‌గా లెక్కపెట్టండి. అప్పుడు పాట నిమిషానికి 120 బీట్లలో నడుస్తుంది. మొదట్లో టిక్కు ఒకటో బీట్‌లోకి జారిపోతూ ఉంటుంది. కొన్నాళ్లు కుస్తీ పట్టాలి, వేరే దారి లేదు.

ఇక వినడం. గిటారిస్ట్ చార్లీ క్రిస్టియన్ 1939లో క్లారినెట్ వాద్యకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు, 1942లో 25 ఏళ్లకే చనిపోయాడు. ఆ కాస్త సమయంలోనే ఎలక్ట్రిక్ గిటార్‌ని శాక్సఫోన్‌కి దీటుగా సోలో వాద్యంగా నిలబెట్టాడు. మరో గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీ నేర్చుకున్నది ఆయన రికార్డులు వింటూనే. ఆ సోలోలనే చెవితో పట్టుకుని, పిక్ (తీగ మీటే చిన్న పలక) లేకుండా బొటనవేలితో వాయిస్తూ తన దారి కనుక్కున్నాడు. మీరూ ఒక సోలోలోంచి నాలుగు బార్లే తీసుకోండి. రికార్డింగ్ స్పీడ్ తగ్గించి, ముందు గొంతుతో పాడండి. పాడగలిగాకే గిటార్ ముట్టుకోండి. తర్వాత ఆ నాలుగు బార్లలో కార్డ్ మారే చోట ఏ స్వరం మీద వాలారో చూడండి. చాలాసార్లు ఆ థర్డో సెవెంతో ఎదురవుతుంది.

జిమ్ హాల్ అనే జాజ్ గిటారిస్ట్‌ని కూడా వినండి, ముఖ్యంగా ఆయన వాయించకుండా వదిలిన చోట్లని. గిటార్‌కి ఊపిరి అక్కర్లేదు కాబట్టి మనం ఆపకుండా వాయిస్తూ పోతాం. రెండు బార్లు వాయించి రెండు బార్లు వదిలేయండి. వదిలిన చోట కార్డ్‌లు మనసులో నడుస్తూనే ఉండాలి.

పాటలో మొదటి ఎనిమిది బార్లే తొమ్మిది నుంచి పదహారు దాకా మళ్లీ వస్తాయి. అంటే సగం పాట చేతిలో ఉన్నట్టే. పదిహేడో బార్ నుంచి ఇవే కార్డ్‌లు వరస మారతాయి: ముందు 5, 5 తర్వాత 4, 5 ఆపైన 3, 3 రెండు బార్లు. అక్కడి నుంచి మళ్లీ పైకి, 8, 8. చివరి ఎనిమిది బార్లలో ఒకచోట మాత్రం కార్డ్‌లు గబగబా దిగుతాయి, అది వచ్చే వీడియోలో చూద్దాం. ఈలోపు పదహారు బార్లు ఆ రెండు తీగల మీదే, నాతో పాటు. ఒకటి, రెండు, ఒకటి రెండు మూడు...

(మెట్రోనోమ్ రెండు, నాలుగు బీట్ల మీద. నెమ్మదిగా 8, 8.)