టోంపియా కొండ మీద 22 నెలలు

సభకు నమస్కారం.

సోవియట్ యూనియన్ నుంచి ఎస్టోనియా పొందిన స్వాతంత్ర్యం అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేవి రెండు దృశ్యాలు: 1989 ఆగస్టు 23న ఎస్టోనియా రాజధాని టాలిన్ నుంచి లిథువేనియా రాజధాని విల్నియస్ దాకా సాగిన మానవహారం, పాటల పండుగ మైదానంలో రెపరెపలాడిన నీలం, నలుపు, తెలుపు జెండాలు. రెండూ గొప్పవే. అయితే ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది పాటల గురించి కాదు, ఫైళ్ల గురించి. 1990 ఏప్రిల్ 3 నుంచి 1992 జనవరి చివరి దాకా ఎడ్గార్ సవిసార్ ప్రధానిగా టాలిన్‌లోని టోంపియా కొండ మీది కోటలో పనిచేసిన మంత్రివర్గం, తనదని చెప్పుకోవడానికి సైన్యం గానీ, నాణెం గానీ, సరిహద్దు గానీ లేకుండానే ఒక దేశాన్ని ఎలా నడిపిందన్నదే నా విషయం.

ముందుగా ఆ మంత్రివర్గం నిలబడిన చోటు ఎలాంటిదో చూద్దాం. 1990 మార్చి 11న లిథువేనియా ఒక్కసారిగా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఏప్రిల్‌లో మాస్కో దానికి చమురు సరఫరా ఆపివేసి ఆర్థిక దిగ్బంధం విధించింది. ఎస్టోనియా చట్టసభ అయిన సుప్రీం కౌన్సిల్ మార్చి 30న వేరే దారి పట్టింది. సోవియట్ అధికారం మొదటి నుంచీ చట్టవిరుద్ధమని ప్రకటించి, స్వాతంత్ర్యం తిరిగి వచ్చే వరకూ ఇది పరివర్తన కాలమని తీర్మానించింది. కొందరు దీన్ని పిరికితనమన్నారు. నాకు మాత్రం అది లెక్క తెలిసినవాళ్లు చేసిన పనిగా కనిపిస్తుంది. పెట్రోలు మాస్కో నుంచే రావాలి, రూబుళ్లు అక్కడే అచ్చు కావాలి, వీధి చివరి సైనిక స్థావరమూ వాళ్లదే. ఇన్నిటి మధ్య ఇల్లు ఖాళీ చేస్తున్నామని యజమానికి చెప్పి, ఆ నెల బియ్యం కూడా అతని దగ్గరే అడగవలసిన స్థితి అది.

సవిసార్‌కు ఈ లెక్కలు కొత్త కాదు. 1987 సెప్టెంబరు 26న టార్టు నగరపు పత్రిక ‘ఎడాసి’లో నలుగురు కలిసి ఒక ప్రతిపాదన ప్రచురించారు: సీమ్ కల్లాస్, టీట్ మాడే, మిక్ టిట్మా, నాలుగో వ్యక్తి సవిసార్. ఎస్టోనియా తన ఆర్థిక వ్యవస్థను తానే నడుపుకోవాలన్నది దాని సారం. ‘స్వయం నిర్వాహక ఎస్టోనియా’ అనే మాటలను వాళ్ల భాషలో కుదిస్తే ‘ఇమే’ అవుతుంది, ఆ పదానికి అద్భుతం అని అర్థం. పేరు పెట్టడంలో ఉన్న ఆ చమత్కారమే సగం ప్రచారం చేసి ఉంటుందని నా ఊహ. మరుసటి ఏడు ఏప్రిల్‌లో పాపులర్ ఫ్రంట్ అనే ప్రజా ఉద్యమ ఆలోచనను టెలివిజన్‌లో ప్రతిపాదించినదీ సవిసారే. అంటే ప్రధాని పదవికి వచ్చేనాటికి ఆయన ఉద్యమ నాయకుడే కాదు, ప్రణాళికా సంఘం ఫైళ్లు చూసిన మనిషి కూడా.

పదవి చేపట్టి ఆరు వారాలైనా దాటకముందే, మే 15న, మాస్కో పక్షాన నిలిచిన ఇంటర్‌మూవ్‌మెంట్ కార్యకర్తలు కోట ద్వారం బద్దలుకొట్టి లోపలి ప్రాంగణంలోకి చొరబడ్డారు. సోవియట్ జెండాను తిరిగి ఎగరేయాలన్నది వారి ఉద్దేశం. సవిసార్ రేడియోలో మాట్లాడాడు. ‘టోంపియా మీద దాడి జరుగుతోంది, మళ్లీ చెబుతున్నాను, టోంపియా మీద దాడి జరుగుతోంది’ అన్న ఆ మాటలను ఆ తరం ఎస్టోనియన్లు ఇప్పటికీ మరిచిపోలేదు. వేల మంది కొండ ఎక్కి వచ్చి ప్రాంగణాన్ని చుట్టుముట్టారు. చొరబడినవాళ్లు ఇప్పుడు లోపల చిక్కుకున్నారు. ఇక్కడ జరిగినది చూడండి: వచ్చిన జనం రెండుగా చీలి మధ్యలో దారి వదిలారు, లోపలివాళ్లు ఆ దారినే తలవంచుకుని బయటికి నడిచారు. ‘బయటికి, బయటికి’ అన్న కేకలే తప్ప ఒక్క ప్రాణం పోలేదు. ఆ సన్నని దారి తెరుచుకోకపోయి ఉంటే మాస్కోకు సైన్యాన్ని దించడానికి సాకు దొరికేది. ఆ తరువాతే ప్రభుత్వం స్వచ్ఛంద గృహరక్షక దళాన్ని కూడగట్టింది.

ఆ సంవత్సరం శరదృతువులోనే ఆర్థిక సరిహద్దు వచ్చింది. నా దృష్టిలో ఈ మంత్రివర్గం చేసిన పనులన్నిటిలోనూ తెలివైనది ఇదే, అయినా దీని గురించి ఎక్కువగా ఎవరూ రాయరు. ఎస్టోనియాలో ధరలు పెరుగుతున్నాయి, ఉన్న సరుకు ఎక్కడ లాభం ఉంటే అక్కడికి తరలిపోతోంది. దాన్ని ఆపడం అన్న నెపంతో రష్యా వైపు, లాట్వియా వైపు రోడ్ల మీద తనిఖీ కేంద్రాలు పెట్టారు. పైకి చూస్తే మాంసం, వెన్న మూటల తనిఖీ. లోపల జరుగుతున్నది మాత్రం 1940లో సోవియట్ ఆక్రమణతో చెరిగిపోయిన ఒక గీతను రోడ్డు మీద మళ్లీ గీయడం. మన చెక్‌పోస్టుల దగ్గర లారీలు ఆగడం ఎంత మామూలు దృశ్యమో మనకు తెలుసు. ఆ మామూలు దృశ్యమే అక్కడ సార్వభౌమాధికారానికి తొలి ఆనవాలు అయింది.

బయట దేశాల పని విదేశాంగ మంత్రి లెనార్ట్ మెరిది. రచయిత, చిత్ర నిర్మాత అయిన ఆయనకు సోవియట్ దౌత్యపు పాత అలవాట్లు లేకపోవడమే మంచిదైంది. 1990 నవంబరులో పారిస్‌లో జరిగిన యూరప్ భద్రతా శిఖరాగ్ర సమావేశానికి మూడు బాల్టిక్ దేశాల విదేశాంగ మంత్రులూ అతిథులుగా వెళితే, మాస్కో అభ్యంతరం చెప్పడంతో వారిని బయటికి పంపించేశారు. పిలిచి మరీ పంపేసిన ఆ అవమానం పది నెలల్లో ఎలా తిరగబడిందో మనం చూస్తాం.

1991 జనవరి 13న విల్నియస్‌లో సోవియట్ దళాలు టెలివిజన్ టవర్ మీద దాడి చేసి 14 మందిని చంపాయి. అదే రోజు రష్యా నాయకుడు బోరిస్ యెల్ట్సిన్ టాలిన్‌కు వచ్చి, పౌరుల మీద కాల్పులు జరపవద్దని రష్యన్ సైనికులకు పిలుపునిచ్చాడు. టోంపియా దారులకు అడ్డంగా పెద్ద పెద్ద బండరాళ్లు తెచ్చి పెట్టారు. మార్చి 3న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 82.9 శాతం మంది పాల్గొన్నారు, వారిలో 77.8 శాతం స్వాతంత్ర్యాన్ని కోరారు. జనాభాలో ఎస్టోనియన్లు 61.5 శాతమే అని గుర్తుంచుకుంటే, రష్యన్ మాట్లాడేవారిలోనూ గణనీయమైన భాగం ఔనన్నదని అర్థమవుతుంది. అందరినీ ఓటు వేయనివ్వడం అప్పట్లో తీవ్ర జాతీయవాదులకు నచ్చలేదు. ఫలితం చూశాక ఆ విమర్శకు బలం తగ్గిందనే అనుకుంటాను.

ఆగస్టు 19న మాస్కోలో సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ను దించడానికి కుట్ర జరిగింది. 20వ తేదీ రాత్రి 11 గంటలు దాటాక సుప్రీం కౌన్సిల్ 69 ఓట్లతో స్వాతంత్ర్య తీర్మానం ఆమోదించింది. మరునాటి ఉదయం సోవియట్ పారాట్రూపర్లు 314 మీటర్ల టాలిన్ టెలివిజన్ టవర్‌ను స్వాధీనం చేసుకోవడానికి వచ్చారు. పైన తలుపు వేసుకుని కూర్చున్న ఇద్దరు పోలీసులు, లోనికి వస్తే అగ్నిమాపక వాయువును వదులుతామని హెచ్చరించారు. లిఫ్టు కదలకుండా దాని తలుపుల మధ్య ఇరికించింది ఒక అగ్గిపెట్టె. కుట్ర కూలింది, సైనికులు వెనుదిరిగారు. ఐస్‌లాండ్ 22న గుర్తించింది, భారతదేశం సెప్టెంబరు 9న గుర్తించింది, 17న ఎస్టోనియా ఐక్యరాజ్యసమితి సభ్యదేశమైంది.

అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. 1992 జనవరి 2న రష్యా ధరల నియంత్రణ ఎత్తివేయడంతో, ఇంకా రూబులే వాడుతున్న ఎస్టోనియాలో ధరలు కళ్లముందే పెరిగిపోయాయి. నోట్లు చాలలేదు, ఇంధనం చాలలేదు, ఇళ్లు చల్లబడ్డాయి, రేషను కూపన్ల కాలం నడిచింది. సవిసార్ అత్యవసర అధికారాలు కోరాడు. స్వల్ప ఆధిక్యంతో, రష్యన్ సభ్యుల మద్దతుతో అవి దక్కాయి గానీ, సొంత పక్షమే చీలిపోయింది. జనవరి 23న ఆయన రాజీనామా చేశాడు. తరువాతి కాలంలో టాలిన్ మేయరుగా ఆయన చుట్టూ రేగిన వివాదాలు ఈ తొలి అధ్యాయాన్ని కమ్మేశాయి. అది న్యాయం కాదని నా అభిప్రాయం.

అదే మంత్రివర్గంలో రవాణా శాఖ చూసిన టీట్ వాహి తరువాత ప్రధాని అయ్యాడు. ‘ఎడాసి’ వ్యాసపు నలుగురిలో ఒకడైన సీమ్ కల్లాస్ కేంద్ర బ్యాంకు అధిపతిగా ఉండగా, 1992 జూన్ 20న ఎస్టోనియా సొంత కరెన్సీ క్రూన్ చెలామణిలోకి వచ్చింది. పది రూబుళ్లకు ఒక క్రూన్ చొప్పున, మనిషికి 1,500 రూబుళ్ల వరకు మార్చుకోనిచ్చారు. వరుసలో నిలబడిన ప్రతి ఒక్కరి చేతికీ వచ్చినవి మహా అయితే 150 క్రూన్లు.