వెంట వచ్చినవారి కష్టానికి పూచీ

(గుంటూరులో విద్యార్థి ప్రతినిధుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు నమస్కారం. మిత్రులారా,

నాయకుడు కావడానికి పడవలసిన కష్టం అనగానే మనకు జైలు, లాఠీదెబ్బ గుర్తుకు వస్తాయి. అవి చిన్న కష్టాలని నేను అనను. కానీ వాటికంటే బరువైనది మరొకటి ఉంది. తన మాట నమ్మి వెంట వచ్చినవారు పడే బాధను రోజూ కళ్లారా చూస్తూ, దానికి పూచీపడి నిలబడడం. దీనికి నిదర్శనం మన గుంటూరు జిల్లా చరిత్రలోనే ఉంది.

1921లో చీరాల ఈ జిల్లాలోనే ఉండేది. చీరాల, పేరాలలను కలిపి ప్రభుత్వం మునిసిపాలిటీగా మార్చడంతో, అంతవరకు ఏడాదికి 4,000 రూపాయల వరకు ఉన్న పన్ను 40,000 దాకా పెరిగింది. అక్కడి జనాభా సుమారు 15,000. వారిలో చాలామంది నేతపనివారు. ఎడిన్‌బరోలో చదువుకుని వచ్చిన ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు వారికి అండగా నిలిచారు. ఆ ఏడాది బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ముగిశాక గాంధీజీ చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా శిక్షకు సిద్ధపడడం ఒక దారి, ఊరు విడిచి వెళ్లడం రెండో దారి అన్నారు. కాంగ్రెస్ సాయం మీద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పారు. జనం రెండో దారి పట్టారు. మునిసిపాలిటీ పొలిమేర దాటి పాకలు వేసుకుని, ఆ కొత్త నివాసానికి రామనగర్ అని పేరు పెట్టుకుని, సుమారు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు.

ఊరు విడవడమంటే ఏమిటో నేతగాడి వైపు నుంచి చూడండి. గుంట మగ్గం మూట కట్టి మోసుకుపోగలిగిన సామాను కాదు. కొత్త చోట మళ్లీ గొయ్యి తవ్వాలి, మగ్గం దించాలి, పడుగు సరిచేసుకోవాలి. వాన కురిసి గుంటలో చెమ్మ చేరితే నేత ఆగుతుంది, నేత ఆగితే ఆ పూట కూలి లేదు. పాకలో పసిబిడ్డ ఉన్న తల్లికి ఎండాకాలం ఒక పరీక్ష, వానాకాలం మరో పరీక్ష. ఇంత కష్టానికి కారణమైన పిలుపు తనదే అని తెలిసిన మనిషి ఆ పాకల మధ్య తిరగాలి. గోపాలకృష్ణయ్య గారి వాగ్ధాటిని అందరూ మెచ్చుకుంటారు. నాకు ఆ ఉపన్యాసాల కంటే ఆ తిరుగుడే గొప్పగా కనిపిస్తుంది. తర్వాత ఆయన బరంపురంలో నిషేధాజ్ఞను ధిక్కరించి మాట్లాడి ఏడాది జైలుకు వెళ్లారు. నాయకుడు లేక ఉద్యమం సడలింది, జనం పాత ఇళ్లకు చేరుకున్నారు. 1928లో క్షయవ్యాధితో, నలభై ఏళ్లయినా నిండకుండానే, ఆయన కన్నుమూశారు.

మన జిల్లాలోనే పెదనందిపాడులో జరిగిన పన్ను నిరాకరణ ఉద్యమం సంగతి మనం చాలా తరచుగా ఒక్క మాటలో దాటవేస్తాము. పర్వతనేని వీరయ్య చౌదరి గారి ఆధ్వర్యంలో అక్కడి రైతులు శిస్తు నిలిపివేశారు, గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు, జప్తులు జరిగినా జనం చెదరలేదు. అయినా 1922 ఫిబ్రవరిలో ఆ ఉద్యమాన్ని ఆపవలసి వచ్చింది. రాజీనామా ఇచ్చి జీవనాధారం పోగొట్టుకున్నవాడి ఎదుట, పశువులను జప్తుకు వదులుకున్న రైతు ఎదుట నిలబడి, ఇక శిస్తు కట్టేయండి అని చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. పిలుపు ఇచ్చిన రోజున చప్పట్లు ఉంటాయి. విరమించే రోజున నిందలుంటాయి, వాటిని విసుక్కోకుండా వినవలసినవాడు కూడా నాయకుడే.

ఈ ఓర్పు పదవి వచ్చాక అలవడేది కాదు, ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి. వసూలు చేసిన చందాకు పైసాతో సహా లెక్క రాసి, అడగకముందే అందరికీ చూపండి. మీ వర్గంవాడు తప్పు చేస్తే మీరే ముందుగా చెప్పండి. రేపు మీ హాస్టల్లో సమ్మెకు పిలుపు ఇవ్వదలిస్తే, ఆ సమ్మె వల్ల ఎవరి హాజరు తగ్గి స్కాలర్‌షిప్ ఆగిపోతుందో ముందుగా తెలుసుకుని, ఆ విద్యార్థి గదికి మీరే వెళ్లి కూర్చుని, అతను చెప్పేదంతా విన్న తర్వాతే కరపత్రం రాయండి.