కదిలిన బంతి

నమస్కారం అండి అందరికీ. ముందు ఈ క్లిప్ చూడండి. బ్యాగ్‌కి తగిలించిన ఫోన్‌లో రికార్డయింది. ఆ గడ్డిలో తెల్లగా కనిపిస్తున్నది నా గోల్ఫ్ బంతి. నేను క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర, దాని వెనకాల ఆనించాను. అదిగో, కదిలింది! మళ్లీ స్లోలో వేస్తాను. ఒక అంగుళం ఉంటుందేమో, అంతే.

దీన్ని ఎడిటింగ్‌లో తీసేద్దామనే అనుకున్నాను, నిజం చెప్తున్నా.

మొదట్లో నాకు గోల్ఫ్ అంటే నవ్వొచ్చేది. బంతిని కొట్టడం, దాని వెనకాల నడవడం, దీనికి నాలుగు గంటలా అని. క్లబ్‌కీ బంతికీ మధ్య తాకిడి ఉండేది సెకనులో దాదాపు 2,000వ వంతే. నాలాంటివాళ్లు 100 షాట్లు కొట్టినా అసలు తాకిడంతా కలిపితే సెకనులో 20వ వంతు! మిగతాదంతా నడకే, మన బుర్రతో మనమే. కళ్లు మూసుకుని ధ్యానానికి కూర్చుంటే పది నిమిషాల్లో కునుకు తీసే నాకు, ఇక్కడ మాత్రం తప్పించుకునే దారి దొరకలేదు.

ఇందులో కొన్ని రూల్స్ భలే కఠినంగా ఉంటాయి. బంతి కనబడకపోతే వెతకడానికి 3 నిమిషాలే. 2019కి ముందు 5 ఉండేవి. నాలుగో నిమిషంలో మన కాళ్ల దగ్గరే కనిపించినా సరే, అది పోయిన బంతే. దాన్ని జేబులో వేసుకుని, కొట్టిన చోటికి వెనక్కి నడిచి, ఒక పెనాల్టీతో, అంటే లెక్కలో ఒక షాట్ ఎక్కువ వేసుకుని, మళ్లీ కొట్టాలి. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆ వెనక్కి నడక అలవాటైపోయింది. ఒక్కోసారి బాగుంటుంది కూడా.

సరే, ఆ బంతి సంగతి. మామూలు ఆటలో మన పక్కన అంపైర్ ఉండడు. తప్పు చేస్తే మనమే చెప్పుకోవాలి. 1925 యూఎస్ ఓపెన్ గోల్ఫ్‌లో అమెరికన్ ఆటగాడు బాబీ జోన్స్ అలాగే గడ్డిలో తన బంతి కాస్త కదిలిందని తన మీద తానే ఒక స్ట్రోక్ (షాట్) పెనాల్టీ వేసుకున్నాడు. అది ఇంకెవరూ చూడలేదు. చివరికి స్కోర్లు సమమై ఆడిన ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. పోయిన నెల వీడియోలో ఈ కథ మీకు నేనే ఎంతో గొప్పగా చెప్పాను, గుర్తుందా?

మరి నేనేం చేశాను? తల ఎత్తి చూశాను. మా ఆయన ఫెయిర్‌వే (మధ్యలో ఉండే పొట్టి గడ్డి దారి) అవతల తన బంతి చూసుకుంటున్నారు. ఏమీ జరగనట్టు కొట్టేశాను. స్కోర్ కార్డు మీద ఆ హోల్‌కి, అంటే బంతి ఆ గుంతలో పడేదాకా, 6 షాట్లని చెప్పాను.

ఆ తర్వాత హోల్‌లో రెండడుగుల పుట్ (గుంతలోకి మెల్లగా దొర్లించే షాట్) మిస్సయింది. దాని తర్వాతదీ అంతే. చేతులు బిగుసుకుపోయాయి. గాలి ఎక్కువగా ఉందని, షూస్ తడిశాయని ఏవేవో చెప్పాను. లోపల మాత్రం ఆ అంగుళమే తిరుగుతోంది. దొంగతనం చిన్నదైతే భయం కూడా చిన్నగా ఉంటుందనుకున్నాను, ఉండదండి.

18వ హోల్ అయ్యాక, కార్డు మీద సంతకం పెట్టేముందు చెప్పేశాను. "ఏవండీ, అయిదో హోల్‌లో నా బంతి కదిలింది. 6 కాదు."

అప్పుడే ఒప్పుకుని బంతిని పాత చోట పెట్టి ఉంటే ఒక స్ట్రోక్‌తో పోయేది. అలాగే కొట్టేశాను కాబట్టి రెండు. అంటే 8.

ఆయన తల కూడా ఎత్తలేదు. "ఆ, చూశాను" అన్నారు.

"చూసి మరి అడగలేదేం?"

"నీ బంతి కదా" అని పెన్సిల్ నా చేతికిచ్చారు.